సూర్యుడు అస్తమించని చోట రోజా ఎలా? - డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (రహ్) జీవితం

మా ముదినేపల్లిలో రంజాన్ సాయంత్రం ఎవరికీ లెక్కలతో పని ఉండదు. పొద్దు వరిచేల ఆవలికి, చేపల చెరువుల నీళ్ల మీదుగా దిగిపోతుంది. మసీదులో మగ్రిబ్ అజాన్ వినబడుతుంది. ఖర్జూరం పండు చేతిలో పట్టుకుని కూర్చున్న పిల్లలు పెద్దల ముఖం చూసి నోట్లో పెట్టుకుంటారు. సహెరీ కూడా అంతే. ఫజర్ వేళ కాగానే తినడం ఆపేస్తాం. మచిలీపట్నంలోనైనా, గుడివాడలోనైనా, దివిసీమ లంకల్లోనైనా ఇదే పద్ధతి. అల్లాహ్ సూర్యుణ్ణి మనకు గడియారంగాను, చంద్రుణ్ణి పంచాంగంగాను అమర్చి పెట్టాడు. చదువు రాని ముసలమ్మ కూడా ఆకాశం చూసి తన రోజా తాను పాటించుకోగలదు.

కాని సూర్యుడు రాత్రి పది దాటినా అస్తమించని చోట మన బిడ్డ ఉంటే?

2016లో రంజాన్ జూన్ నెలలో వచ్చింది. అప్పుడు మా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు స్వీడన్ నుంచి ఫోను చేశాడు. ఉద్యోగం కోసం వెళ్లి ఏడాది కూడా కాలేదు. అక్కడ సూర్యుడు ఆకాశంలో పద్దెనిమిది గంటలకు పైగా ఉంటున్నాడట. ఇఫ్తార్ చేసి నమాజులు ముగించేలోగానే తూర్పున మళ్లీ వెలుగు కనబడుతోందట. ఇక్కడ వాళ్ల అమ్మ భయపడి రోజాలు మానెయ్యమని ఏడుస్తోంది. తోటివారిలో ఒకడు మానకూడదంటాడు, ఇంకొకడు మక్కా వేళ ప్రకారం తినెయ్యమంటాడు. ఉస్తాద్, ఏం చెయ్యమంటారని అతని ప్రశ్న.

ఆ రోజు మేము అతనికి జవాబుకంటే ముందు ఒక మనిషి కథ చెప్పాము. ఆయన మన హైదరాబాదులో పుట్టినవాడు. ఈ ప్రశ్నను ఆ కుర్రవాడికంటే ఎన్నో ఏళ్ల ముందే, సొంత దేశానికి దూరంగా కూర్చుని ఆలోచించినవాడు. ఆయనే డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (రహ్మతుల్లా అలైహ్).

హమీదుల్లా గారు 1908 ఫిబ్రవరిలో హైదరాబాదులో జన్మించారు. వారిది నవాయతీ వంశం. పెద్దలు మద్రాసులో ఖాజీలుగా, పండితులుగా పేరు పొందినవారు. ఇంట్లో చదువే ఆస్తి. బాల్యంలో ధార్మిక విద్య, ఆ తరువాత జామియా నిజామియా, అటుపైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయన్ను తీర్చిదిద్దాయి. 1918లో ఏర్పడిన ఉస్మానియాలో ఆ కాలంలో న్యాయశాస్త్రం, విజ్ఞానశాస్త్రం కూడా ఉర్దూలోనే బోధించేవారు. మదర్సా చదువు ఒక చేత, విశ్వవిద్యాలయం చదువు మరో చేత పట్టుకుని పెరిగిన యువకుడాయన. ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

పై చదువులకు ఐరోపా వెళ్లారు. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో ఒక డాక్టరేటు, 1935లో పారిస్‌లోని సోర్బాన్‌లో మరొక డాక్టరేటు పొందారు. రాజ్యాల మధ్య సంబంధాల గురించి ఇస్లాం ఏమి చెప్పిందన్నది ఆయన పరిశోధన. యుద్ధం ఎప్పుడు, సంధి ఎలా, రాయబారిని ఎలా చూడాలి, ఖైదీకి ఏ హక్కులున్నాయి అన్న ప్రశ్నలకు మూలగ్రంథాల్లో జవాబులు వెదికారు. తిరిగి వచ్చి ఉస్మానియాలో అధ్యాపకులయ్యారు. దైవప్రవక్త (స), ఖలీఫాలు రాయించిన లేఖలను, ఒప్పందాలను సేకరించి 1941లో అరబీలో గ్రంథంగా వెలువరించారు. నేటికీ పరిశోధకులు దాన్ని చేతిలో పెట్టుకోకుండా ఆ విషయం మీద కలం పట్టరు.

1948లో ఆయన జీవితం మలుపు తిరిగింది. నిజాం ప్రభుత్వం తన వాదన వినిపించేందుకు ఐక్యరాజ్యసమితికి పంపిన బృందంలో ఆయన ఒకరు. ఆ సెప్టెంబరులోనే హైదరాబాదు భారత యూనియన్‌లో కలిసిపోయింది. ఆ రాజకీయాల మంచిచెడ్డలు ఈ వ్యాసానికి సంబంధించినవి కావు. మాకు కావలసింది ఆ తరువాతి కథ. హమీదుల్లా గారు పారిస్‌లోనే ఉండిపోయారు. ఏ దేశపు పౌరసత్వమూ తీసుకోలేదు. నలభై ఏళ్ల వయసులో ఇల్లు, ఊరు, ఉద్యోగం అన్నీ వెనక వదిలేసి, శరణార్థి కాగితాలతో పరాయి నగరంలో మొదటి నుంచి మొదలుపెట్టారు. పెళ్లి చేసుకోలేదు. చిన్న ఇంట్లో పుస్తకాల మధ్య దాదాపు అర్ధశతాబ్దం గడిపారు.

ఆ ఏకాంతంలో ఆయన చేసిన పని ఒక సంస్థ చేసే పని కంటే ఎక్కువ. ఫ్రాన్స్ జాతీయ పరిశోధనా కేంద్రంలో 1954 నుంచి 1978 వరకు పనిచేశారు. తుర్కీ విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి అతిథి ఆచార్యులుగా బోధించారు. 1959లో ఆయన దివ్య ఖుర్ఆన్ ఫ్రెంచ్ అనువాదం వెలువడింది. ఫ్రెంచ్ భాషలోనే రెండు సంపుటాల్లో దైవప్రవక్త (స) జీవిత చరిత్ర రాశారు. 1980లో బహావల్‌పూర్‌లో ఇచ్చిన పన్నెండు ఉర్దూ ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చి ఇంటింటా చదవబడ్డాయి.

మరొక సేవ కూడా చెప్పుకోవాలి. హజ్రత్ అబూ హురైరా (రజి) శిష్యులైన హమ్మామ్ బిన్ మునబ్బిహ్ రాసిపెట్టుకున్న హదీసుల ప్రతి ఒకటి శతాబ్దాలుగా మరుగున పడి ఉంది. బెర్లిన్‌లో ఒక వ్రాతప్రతి, దమిష్క్‌లో మరొకటి దొరికాయి. హమీదుల్లా గారు రెంటినీ అక్షరం అక్షరం పోల్చి 1953లో ప్రకటించారు. హదీసులు ఎంత తొలికాలంలో కాగితానికెక్కాయో లోకానికి దానితో తెలిసింది. రోజా డాలు వంటిదని, రోజాలో ఉన్నవాడు బూతులకు, మూర్ఖపు తగవులకు దిగరాదని బోధించే హదీసు కూడా ఆ చిన్న ప్రతిలో ఉంది.

ఇక మన విషయానికి వద్దాం. పారిస్‌లో ఆయన చుట్టూ రెండు రకాల మనుషులు ఉండేవారు. ఒకరు కొత్తగా ఇస్లాం స్వీకరించిన ఐరోపావాసులు. రెండోవారు ఉత్తర ఆఫ్రికా నుంచి కూలికి వచ్చిన ముస్లింలు. మొదటివారు రోజా ఎందుకని అడిగేవారు. రెండోవారు ఈ దేశంలో రోజా ఎలా అని అడిగేవారు. రెంటికీ జవాబు చెప్పవలసి వచ్చింది. ఉపవాసం ఎందుకు అన్న విషయం మీద ఒక చిన్న పుస్తకం రాశారు. ఇస్లాం పరిచయంగా రాసిన ప్రసిద్ధ గ్రంథంలో వేళల సమస్యను విడిగా చర్చించారు.

ఎందుకు అన్న ప్రశ్నకు ఆయన చుట్టూ ఉన్న ప్రకృతిని చూపేవారు. మంచు కురిసే కాలంలో అడవి జంతువులకు మేత దొరకదు. అవి పస్తుండి, వసంతం రాగానే కొత్త బలంతో లేస్తాయి. చెట్లు ఆకులు రాల్చి నిద్రపోయి మళ్లీ చిగురిస్తాయి. శరీరానికి కూడా అలాంటి విశ్రాంతి కావాలన్నది ఆయన వివరణ. అయితే రోజా ఆరోగ్యం కోసం చేసే పథ్యం కాదని, అల్లాహ్ ఆజ్ఞ పాలించాలన్న సంకల్పమే దానికి ప్రాణమని కూడా స్పష్టంగా చెప్పారు. ప్రయోజనం వెంట వస్తుంది. నియ్యత్ మాత్రం అల్లాహ్ కోసమే ఉండాలి.

రంజాన్ చాంద్రమాన నెల కావడంలోని న్యాయాన్ని ఆయన చక్కగా విప్పి చెప్పారు. చాంద్ర సంవత్సరం సూర్య సంవత్సరంకంటే సుమారు పదకొండు రోజులు తక్కువ. అందువల్ల రంజాన్ ఏటా ముందుకు జరుగుతూ దాదాపు 33 ఏళ్లలో అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. ఉపవాస మాసం ఏ జూన్‌లోనో స్థిరపడి ఉంటే ఉత్తరార్ధగోళం వారికి ఎప్పటికీ వేసవి రోజాలే, దక్షిణార్ధగోళం వారికి ఎప్పటికీ చలికాలపు రోజాలే. అది అన్యాయం అయ్యేది. మన డెల్టాలోనే చూడండి. 2000లో రంజాన్ వరి కోతల నాటి చల్లని డిసెంబరులో గడిచింది. 2018లో మే మధ్యలో మొదలై, కాలువలు కట్టేసిన వేసవిలో, రోహిణి కార్తె ఎండల్లో నడిచింది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరోసారి, ఒకే ఏడాదిలో రెండుసార్లు మొదలవుతుంది. సులువూ కష్టమూ అందరికీ వంతులవారీగా పంచిపెట్టిన ఏర్పాటు ఇది.

ఇక రెండో ప్రశ్న. తొలివెలుగు నుంచి సూర్యాస్తమయం వరకు రోజా. ఇది ఖుర్ఆన్ నియమం. మచిలీపట్నం భూమధ్యరేఖకు ఉత్తరంగా 16 డిగ్రీల మీద ఉంది. ఇక్కడ అతి పెద్ద పగలు సుమారు 13 గంటలు, అతి చిన్న పగలు సుమారు 11 గంటలు. పెద్ద తేడా లేదు. పారిస్ దాదాపు 49 డిగ్రీల మీద ఉంది. అక్కడ జూన్‌లో సూర్యుడు 16 గంటలు కనబడతాడు. నార్వే ఉత్తరాన ట్రోమ్సో పట్టణంలోనైతే మే మూడో వారం నుంచి జూలై మూడో వారం వరకు సూర్యుడు అస్తమించనే అస్తమించడు. చలికాలంలో వారాల తరబడి ఉదయించడు. అక్కడి ముస్లిం ఏ అస్తమయానికి ఇఫ్తార్ చెయ్యాలి?

హమీదుల్లా గారు దీనికి కొత్త మాటేదీ సృష్టించలేదు. హదీసు వైపే తిరిగారు. దజ్జాల్ కాలంలో ఒక రోజు ఏడాదంత పొడవుగా ఉంటుందని దైవప్రవక్త (స) తెలిపినప్పుడు, ఆ రోజుకు ఒక్క రోజు నమాజులు సరిపోతాయా అని సహాబా అడిగారు. సరిపోవని, వేళలను అంచనా కట్టుకుని నమాజులు చెయ్యాలని ప్రవక్త (స) బోధించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసు నుంచి ఫుఖహాలు ఒక సూత్రం తీశారు. సూర్యుడి గుర్తు అందనప్పుడు ఆరాధన రద్దు కాదు. లెక్క ప్రకారం జరుగుతుంది.

లెక్క ఎక్కడి నుంచి కట్టాలి? భూమధ్యరేఖకు ఉత్తరంగా, దక్షిణంగా 45 డిగ్రీల అక్షాంశం వరకు మామూలు ప్రాంతంగా భావించాలని హమీదుల్లా గారు సూచించారు. లోకంలో అత్యధిక జనం ఈ హద్దు లోపలే ఉన్నారు. వీరు తమ ఊరి సూర్యుణ్ణే అనుసరించాలి. ఆ హద్దు దాటి ధ్రువాల వైపు ఉన్నవారు 45 డిగ్రీల రేఖ మీది వేళలను పాటించాలి. ఉత్తరాన ఆ రేఖ ఫ్రాన్స్‌లో బోర్దో పరిసరాల నుంచి రుమేనియాలో బుఖారెస్ట్ వైపుగా సాగుతుంది. అక్కడ అతి పెద్ద పగలు పదిహేనున్నర గంటలు. మనిషి శక్తికి లోబడినది. ఆయన ఉన్న పారిస్ కూడా ఆ హద్దుకు ఆవలనే ఉంది. అంటే ఇది ఎవరో దూరదేశస్థుల కోసం వేసిన లెక్క కాదు, తన గుమ్మం ముందున్న సమస్య.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇది ఆయన ఇజ్తిహాద్. ఉలమాలందరూ దీన్ని ఒప్పుకోలేదు. ఇరవై నాలుగు గంటల్లో పగలు, రాత్రి స్పష్టంగా వేరుపడే చోట, పగలు ఎంత పొడవైనా అక్కడి సూర్యుడి ప్రకారమే రోజా ఉండాలని చాలామంది పండితుల తీర్పు. భరించలేనివాడు ఆ రోజు విడిచి, తరువాత పగళ్లు చిన్నవైనప్పుడు ఖజా చేసుకోవాలని వారంటారు. పగలూ రాత్రీ వేరుపడని చోట మాత్రమే దగ్గరి ప్రాంతపు వేళలనో, మక్కా వేళలనో ఆధారం చేసుకొమ్మంటారు. అభిప్రాయాలు వేరైనా అందరూ నిలబడింది ఒక్క పునాది మీదే. రోజాల ఆజ్ఞ వచ్చిన బఖరా సూరాలోనే, రోగికి, ప్రయాణికుడికి మినహాయింపు చెప్పిన చోటనే, అల్లాహ్ మీకు సౌలభ్యం కోరుతున్నాడే తప్ప కష్టం కోరడం లేదని స్పష్టం చేశాడు. 2007 రంజాన్‌లో మలేసియా ముస్లిం ఒకరు అంతరిక్షానికి వెళ్లారు. అక్కడ రోజూ ఎన్నోసార్లు సూర్యోదయాలే. ఏ ఊరి నుంచి నౌక బయలుదేరిందో ఆ ఊరి వేళలు పాటించవచ్చని, కష్టమైతే తిరిగి వచ్చి రోజాలు పూర్తి చేసుకోవచ్చని అక్కడి ఉలమాలు చెప్పారు. అంచనా కట్టుకొమ్మన్న ఆ హదీసు వెలుగు అంతవరకూ వెళ్లింది.

ఈ విషయంలో మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పైన చెప్పిన 2000 డిసెంబరు రంజాన్‌లో మేము ఇంకా కుర్ర ఉస్తాదులం. కోతలకు వెళ్లే ఒక తల్లి, చంటిబిడ్డతో వచ్చి, రోజా ఉంటే పాలు చాలడం లేదని చెప్పింది. చలికాలపు చిన్న పగలు, ఈపాటి ఓపిక లేదా అని మందలించి పంపాము. ఆమె తల వంచుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి మా పెద్ద ఉస్తాద్‌కు ఈ మాట చెబితే ఆయన కోప్పడలేదు. కితాబు తెచ్చి మా ముందు పెట్టారు. తనకో బిడ్డకో హాని కలుగుతుందని భయపడే గర్భిణి, పాలిచ్చే తల్లి రోజా విడిచి తరువాత ఖజా చేసుకోవచ్చని మన హనఫీ ఫిఖ్‌లో స్పష్టంగా ఉంది. మేము చదివిన మసలానే అది. కాని ఎదుట నిలబడిన మనిషిని చూడకుండా మాట్లాడాము. మర్నాడే వెళ్లి ఆమెకు అసలు మసలా చెప్పి క్షమాపణ అడిగాము. హమీదుల్లా గారి లెక్కను ఆ తరువాత చదివినప్పుడు మాకు ముందుగా ఆ తల్లే గుర్తుకొచ్చింది. హుకుం చెప్పేవాడు హుకుం ఎంత తెలుసుకోవాలో, అది పాటించవలసిన మనిషి ఎక్కడ, ఏ స్థితిలో ఉన్నాడో కూడా అంత తెలుసుకోవాలి.

అందుకే పాఠకులు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోవాలని మా కోరిక. రోగి, ప్రయాణికుడు రోజా విడిస్తే తరువాత లెక్క పూర్తి చెయ్యాలి. ఇక కోలుకునే ఆశ లేని రోగి, శక్తి ఉడిగిన వృద్ధుడు ఒక్కొక్క రోజాకు ఒక పేదకు అన్నం పెట్టి ఫిద్యా ఇవ్వాలి. మరచిపోయి తిన్నవాడి రోజా చెడిపోదు. గుర్తు రాగానే ఆపి కొనసాగించాలి. కాని ఏ కారణమూ లేకుండా, తెలిసి తెలిసి తిని రోజా భంగం చేసినవాడికి మన హనఫీ మార్గంలో ఖజాతో పాటు కఫ్ఫారా ఉంది. వరసగా అరవై రోజాలు, అది చేతకానివాడు అరవై మంది పేదలకు భోజనం. సౌలభ్యం ఉందంటే నిర్లక్ష్యానికి అనుమతి ఉందని అర్థం కాదు. చక్కెర వ్యాధి దాచుకుని రోజా ఉండి పడిపోయే పెద్దలూ, ఒంట్లో సత్తువ ఉండి హోటలు పరదా వెనక కూర్చునే యువకులూ ఇద్దరూ ఈ హద్దు తెలియనివారే.

హమీదుల్లా గారి చివరి సంవత్సరాలు ఆయన స్వభావాన్నే చూపుతాయి. 1985లో పాకిస్తాన్ ప్రభుత్వం ఆయనకు గౌరవ పురస్కారం ఇచ్చింది. దానితో వచ్చిన సొమ్మును ఇస్లామాబాదులోని ఇస్లామీ పరిశోధనా సంస్థకు ఇచ్చేశారు. 1996లో జబ్బుపడినప్పుడు అమెరికాలో ఉన్న అన్నగారి మనవరాలు తన దగ్గరకు తీసుకువెళ్లి సేవ చేసింది. 2002 డిసెంబరు 17న, రంజాన్ ముగిసిన కొద్ది రోజులకే, షవ్వాల్ నెలలో ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌లో ఆయన తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయసు 94 ఏళ్లు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. హైదరాబాదులో పుట్టిన ఆ మనిషికి దేశం కాగితం లేకపోయింది గాని, ఖిబ్లా ఎటో ఏనాడూ సందేహం రాలేదు.

స్వీడన్‌లోని మా కుర్రవాడికి ఇదంతా చెప్పి, రెండు అభిప్రాయాలూ విప్పి, నీ ఊళ్లో మసీదు ఇమాము ఏ పద్ధతి నడుపుతున్నారో దానితోనే కలిసి నడువు, ఒంటరిగా తీర్పు చెప్పుకోకు, ఒళ్లు తాళకపోతే విడిచి డిసెంబరులో ఖజా చేసుకో అని సలహా ఇచ్చాము. వాళ్ల అమ్మకు మేమే స్వయంగా వెళ్లి నచ్చజెప్పాము. ఆ ఏడాది అతను కొన్ని రోజాలు విడిచాడు. చలికాలంలో, ఆరేడు గంటల చిన్న పగళ్లలో, ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని పూర్తి చేశాడు. చివరిది పూర్తయిన రాత్రి అమ్మకు ఫోను చేసి చెప్పాడట. మరునాడు ఆమె మా ఇంటికి సేమ్యా గిన్నె పంపింది.

మనం ఏ దేశంలో ఉన్నా, పగలు ఎంత పొడవైనా, అల్లాహ్ తన ఆజ్ఞను తెలుసుకుని పాటించే శక్తినీ, ఇతరుల కష్టం చూసి మాట్లాడే వివేకాన్నీ మనందరికీ ప్రసాదించుగాక. హమీదుల్లా గారి సేవలను స్వీకరించి ఆయనకు స్వర్గంలో ఉన్నత స్థానం అనుగ్రహించుగాక. ఆమీన్.